మూత మీద డాట్ 3, షాపులో డాట్ 4, బావమరిది తెస్తానన్నది డాట్ 5

ప్రశ్న: మాది విశాఖపట్నం. కారు 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏబీఎస్ ఉంది. 70 వేల కిలోమీటర్లు తిరిగింది. మా అబ్బాయి పాడేరులో ఉద్యోగం చేస్తుండటంతో నెలకు ఒకటి రెండుసార్లు ఘాట్ ఎక్కి దిగుతుంటాం. పోయిన నెల నలుగురం, డిక్కీ నిండా సామానుతో తిరిగి వస్తూ మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి, దణ్ణం పెట్టుకుని మళ్లీ బయల్దేరాం. అంతవరకూ బాగానే ఉన్న బ్రేకు రెండు మలుపులు తిరిగేసరికి మెత్తబడిపోయింది. పెడల్ దాదాపు మ్యాటు దాకా దిగిపోయింది. ఫస్ట్ గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి ఎలాగో పక్కన ఆపాను. ముప్పావుగంట పోయాక చూస్తే ఏమీ జరగనట్టే గట్టిగా ఉంది! ఊరికొచ్చాక మెకానిక్ చూసి, ‘లీకేజీ లేదు సార్, బ్రేక్ ఆయిల్ కొంచెం తగ్గింది, పోసేస్తే సరి’ అన్నాడు. ఇంతకుముందు కూడా అలా పోయించడమేగానీ మొత్తం ఎప్పుడూ మార్పించలేదు. బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీద డాట్ 3 అని ఉంది. షాపులో డాట్ 4 ఇచ్చారు. మా బావమరిది అవేవీ వద్దు, ఆన్‌లైన్‌లో డాట్ 5 తెప్పిస్తాను, నంబరు ఎంత పెద్దదైతే అంత మంచిది అంటున్నాడు. ఇంట్లో మూడేళ్ల కిందట కొన్న డాట్ 3 డబ్బా సగం మిగిలి ఉంది. ఇంతకీ ఏది పోయించమంటారు?

సమాధానం: ముందు ఒక మాట. ఈ పని అయ్యేదాకా ఆ బండితో ఘాట్ ఎక్కకండి. ఎక్కితే దిగాలి కదా.

మీరడిగినదానికి జవాబు: డాట్ 4. అయితే ‘పోయించడం’ కాదు, ఉన్నదంతా తీయించి కొత్తది నింపించాలి. డాట్ 5 మీ బండి దరిదాపులకు రానివ్వకండి. ఇంట్లో ఉన్న సగం డబ్బా దేనికీ పనికిరాదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మీ మెకానిక్‌నూ, అంతకంటే ముఖ్యంగా మీ బావమరిదినీ ఒప్పించాల్సింది మీరే.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది. ఆగకముందు బ్రేకు బాగానే ఉంది, ఆగి బయల్దేరాక పోయింది. చాలామందికి ఇది వింతగా తోస్తుంది. విశ్రాంతి ఇస్తే బ్రేకు చల్లబడాలి గానీ చెడటమేమిటి? కానీ అసలు జబ్బును పట్టిచ్చేది ఈ లక్షణమే.

లెక్క వేసి చూద్దాం. బండి, నలుగురు మనుషులు, సామాను కలిపి 1,300 కిలోలు అనుకోండి. అంత బరువు 800 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు కోటి జౌళ్లు. పెళ్లింట్లో కాగు నిండా, అంటే 30 లీటర్లకు పైగా, చన్నీళ్లను సలసలా మరిగించడానికి సరిపోయే వేడి అది. గేరులో దిగితే ఇందులో మంచి వాటా ఇంజను మింగుతుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు అంతా బ్రేకుల నెత్తినే పడుతుంది, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండు చక్రాల మీద. అలాంటి దిగుడులో డిస్కులు మూడు నాలుగు వందల డిగ్రీలకు చేరడం పెద్ద విశేషమేమీ కాదు.

బండి కదులుతున్నంతసేపు గాలి తగులుతుంది, డిస్కు వేడిని కొంత వదిలించుకుంటూ ఉంటుంది. మీరు ఆపి దణ్ణం పెట్టుకోవడానికి వెళ్లారు. గాలి ఆగింది. డిస్కులో ఉన్న వేడి పోయే దారిలేక ప్యాడ్లలోకి, ప్యాడ్ల నుంచి వాటిని డిస్కుకు నొక్కే క్యాలిపర్ పిస్టన్‌లోకి, పిస్టన్ వెనకే ఉన్న బ్రేక్ ఆయిల్‌లోకి ఎక్కింది. పాత ఆయిల్, నీళ్లు పట్టిన ఆయిల్ అక్కడ మరిగి బుడగలు కట్టింది. ద్రవాన్ని ఎంత నొక్కినా కుదించుకుపోదు, అందుకే మీ కాలి ఒత్తిడి చక్రం దాకా చేరుతుంది. ఆవిరి మాత్రం నొక్కితే నలిగిపోతుంది. మీరు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోయింది, ప్యాడ్లు కదలలేదు. పైగా పెడల్ తొక్కి ఉంచినంతసేపు లైన్‌లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఆయిల్ అంత సులువుగా మరగదు. కాలు తీయగానే ఒత్తిడి పోయి ఆవిరి పుడుతుంది. అందుకే ఈ దెబ్బ ఒక మలుపు బాగా తిరిగాక, తర్వాతి మలుపులో తగులుతుంది. ముప్పావుగంటలో అంతా చల్లారి ఆవిరి మళ్లీ ద్రవమైపోయింది, పెడల్ గట్టిపడింది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి సాక్ష్యం మాయం. లీకేజీ లేదన్నాడంటే ఆయన అబద్ధం చెప్పలేదు.

ఘాట్‌లో బ్రేకు పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది, దాన్ని దీనితో కలపకండి. ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పితే పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు, కమురు వాసన వస్తుంది. మీకు పెడలే కిందికి పోయింది. అది ఆయిల్ జబ్బు. లైన్‌లో గాలి చేరితే ఎప్పుడూ, చల్లటి బండిలో కూడా, మెత్తగానే ఉంటుంది. ఇక పెడల్ తొక్కుడును ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు అరిగితే, సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కి ఉంచినప్పుడు అది మెల్లమెల్లగా కిందికి జారుతుంది. ఇంటి ముందు ఇంజను ఆన్‌లో ఉంచి ఒక నిమిషం పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుని చూడండి. జారితే ఆయిల్ ఒక్కటి మారిస్తే సరిపోదు, మాస్టర్ సిలిండర్ కూడా విప్పించాలి.

ఇక ఈ నీళ్ల సంగతి. మనం వాడే డాట్ 3, డాట్ 4 రెండూ గ్లైకాల్ ఈథర్ జాతివి. వాటికి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. మూత బిగించి ఉన్నా, ట్యాంకు మూతలోని చిన్న గాలిదారి గుండా, చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. విశాఖలాంటి సముద్రం ఒడ్డు ఊళ్లో చెప్పేదేముంది, ఉప్పు డబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి ఏమవుతుందో మీకు తెలుసు. తేమను పీల్చుకోవడం ఈ ఆయిల్‌కు లోపమని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి అది మేలే. పీల్చుకున్న నీళ్లు ఆయిల్ అంతటా కలిసిపోతాయి కాబట్టి ఒకచోట గుమిగూడి పైపును తుప్పు పట్టించవు. కాకపోతే దానికి మనం కట్టే వెల ఏమిటంటే, మరిగే వేడి ఏడాదికేడాది పడిపోతూ వస్తుంది.

డబ్బా మీది డాట్ నంబరు చెప్పేది ముఖ్యంగా ఈ మరిగే వేడి సంగతే. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ. ఆ లెక్క ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. ఇవి డబ్బా సీలు తీసిన రోజు అంకెలు. వీటి పక్కనే ‘తడి’ అంకె ఇంకొకటి ఉంటుంది. సుమారు 3.7 శాతం నీళ్లు పట్టాక ఎంత వేడికి మరుగుతుందో అది చెబుతుంది. డాట్ 3కి 140, డాట్ 4కి 155, డాట్ 5.1కి 180. డబ్బా మీద పొడి అంకెను పెద్దగా వేసి తడి అంకెను చిన్నగా వేస్తారు. మీరు కొనేటప్పుడు చూడాల్సింది రెండోది, ఎందుకంటే రెండేళ్లు దాటాక మీ బండిలో ఉండేది దాదాపు ఆ సరుకే.

ఇప్పుడు ఆ రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త డాట్ 3, అంటే అన్నింటికంటే చవకది, 205 దగ్గర మరుగుతుంది. నీళ్లు పట్టిన డాట్ 5.1, అంటే ఖరీదైనది, 180కే మరుగుతుంది. వేలు పోసి పెద్ద నంబరు ఆయిల్ పోయించి ఐదేళ్లు మరిచిపోయినవాడికంటే, మామూలు డాట్ 3ని రెండేళ్లకోసారి మార్పించినవాడి బండికే ఘాట్‌లో ప్రాణం గట్టి. మీ బండి షోరూం నుంచి వచ్చినప్పటి ఆయిల్, మధ్యలో పోసిన నాలుగు గుక్కలు తప్ప, ఈనాటికీ అందులోనే తిరుగుతోంది. ఆ వయసులో దాని పేరు డాట్ 3 అయితేనేం, 4 అయితేనేం!

అయినా మీకు డాట్ 4 ఎందుకు చెప్పానంటే, నెలనెలా ఘాట్ దిగే బండి కాబట్టి. డాట్ 3, 4, 5.1 మూడూ ఒకే జాతి, ఒకదానితో ఒకటి కలిసినా గడ్డకట్టవు, రబ్బరు సీళ్లను పాడు చేయవు. డాట్ 3 రాసి ఉన్న బండిలో డాట్ 4 వాడొచ్చు. చాలా కంపెనీల మాన్యువల్‌లోనే ‘డాట్ 3 లేదా డాట్ 4’ అని ఉంటుంది. మీ గ్లవ్ బాక్సులోని పుస్తకం తీసి ఆ పేజీ ఒకసారి చూసుకోండి, మూత మీది రాతకంటే అందులో వివరం ఎక్కువ దొరుకుతుంది. తిరగేసి మాత్రం చేయకూడదు. డాట్ 4 అని ఉన్న బండిలో చవగ్గా వస్తోందని డాట్ 3 పోస్తే, తయారుచేసినవాళ్లు పెట్టిన భద్రతను మనమే తగ్గించుకున్నట్టు. డాట్ 4లో ఇంకో మెలిక కూడా ఉంది. దానికి ఎక్కువ మరిగే గుణం తెచ్చిపెట్టేది బోరేట్ ఎస్టర్లు. అవి నీళ్లతో చర్య జరిపి క్రమంగా అరిగిపోతాయి. అందువల్ల డాట్ 4 పోయించాం కదా అని గడువు పొడిగించుకోవడానికి లేదు.

డాట్ 5.1 పోస్తే నష్టమా? సాధారణంగా ఏమీ లేదు. అది గడ్డకట్టే చలిలో కూడా పలచగా పారేలా చేసిన సరుకు. మైనస్ 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం డాట్ 4కి అనుమతించిన దానిలో సగమే. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, బండి పక్కకు జారకుండా చూసే ఈఎస్‌సీ యూనిట్లలోని సన్నటి దారుల్లో అది చురుగ్గా కదులుతుంది. లేహ్‌లో బండి నడిపేవారికి పనికొచ్చే సంగతి ఇది, పాడేరు పొగమంచుకు అంత అవసరం లేదు. కొత్త బండ్లు కొన్నింటి మూత మీద ‘డాట్ 4 ఎల్‌వీ’ అని గానీ ‘క్లాస్ 6’ అని గానీ ఉంటుంది. అది కూడా పలచటి రకమే. అలా రాసి ఉన్న బండికి మాత్రం అదే పోయాలి. మీ మూత మీద లేదు కాబట్టి మీకు ఆ చింత లేదు.

ఇక బావమరిది గారి డాట్ 5. నంబర్ల వరసలో 4 తర్వాత 5, దాని తర్వాత 5.1 వస్తాయి కాబట్టి ఎవరైనా ఒక మెట్టు పైదనుకుంటారు, ఆయన్ని తప్పుపట్టలేను. పేరు పెట్టినవాళ్లదే తప్పు. డాట్ 5 సిలికోన్. పూర్తిగా వేరే జాతి. గుర్తుపట్టడానికి దానికి ఊదా రంగు కలుపుతారు. అది నీళ్లను పీల్చుకోదు, కారు పెయింటును తినదు. 1980ల్లో అమెరికా సైన్యం తన వాహనాలకు దాన్ని ఎంచుకున్నది, షెడ్లలో ఏళ్ల తరబడి కదలకుండా ఉండే బండ్లకు తేమ బాధ ఉండదనే. హార్లీ డేవిడ్‌సన్ బైకుల్లోనూ ఒకప్పుడు అదే వాడేవారు. మన కారుకు ఎందుకు వద్దంటే, అది గ్లైకాల్‌తో కలవదు. పైపుల్లో, ఏబీఎస్ యూనిట్‌లో మిగిలిపోయిన పాత ఆయిల్‌తో కలిసీ కలవక ముద్దముద్దగా ఉంటుంది. లోపలికి ఎలాగో చేరిన నీటి చుక్కలు ఎందులోనూ కలవక క్యాలిపర్ అడుగున చేరి, 100 డిగ్రీలకే ఆవిరైపోతాయి, అక్కడే తుప్పు పట్టిస్తాయి. పైగా సిలికోన్ తనలో గాలిని ఎక్కువ ఇముడ్చుకుంటుంది, పెడల్ ఎప్పుడూ కాస్త మెత్తగా తగులుతుంది. ఏబీఎస్ పనిచేసినప్పుడు లోపలి వాల్వులు గబగబా కొట్టుకుంటాయి కదా, ఆ చిలుకుడుకి నురగ కడుతుంది. ఏబీఎస్ ఉన్న బండికి డాట్ 5 వద్దని ఇంతకంటే గట్టిగా చెప్పడం నాకు రాదు. ఇప్పటికే తెప్పించేసి ఉంటే వాపస్ పెట్టేయమనండి.

మీ మెకానిక్ అన్న ‘తగ్గింది, పోసేస్తే సరి’ దగ్గరికి వద్దాం. బ్రేక్ ఆయిల్ ఇంజను ఆయిల్‌లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న లైన్. తగ్గిందంటే రెండే కారణాలు: బయటికి కారుతోంది, లేదా ముందు ప్యాడ్లు అరిగాయి. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ వెనక ఏర్పడిన ఖాళీని నింపడానికి ట్యాంకులోంచి ఆయిల్ దిగుతుంది. అంటే ట్యాంకులో మట్టం తగ్గడం ప్యాడ్లు చూడమని బండి చెప్పడం. దాన్ని పోసి నింపేస్తే ఆ కబురు మీకు అందకుండా పోతుంది. రేపు కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నొక్కినప్పుడు ఆ ఎక్కువైన ఆయిల్ మూతలోంచి పొర్లి పెయింటు మీద పడుతుంది కూడా. ముందు ప్యాడ్ల మందం చూడమనండి. వెనక డ్రమ్ములు ఉంటే అవి తీయించి, వీల్ సిలిండర్ రబ్బరు కిట్ దగ్గర తడి ఉందేమో చూడమనండి. డ్రమ్ము లోపల కారే ఆయిల్ చాలాసార్లు బయటికి కనపడదు, టైరు లోపలివైపు మరకగా తేలేసరికి ఆలస్యమైపోతుంది. అన్నట్టు, డ్యాష్‌బోర్డు మీద వెలిగే హ్యాండ్ బ్రేకు ఎర్రలైటే చాలా బండ్లలో ఆయిల్ తక్కువైనా వెలుగుతుంది. హ్యాండ్ బ్రేకు దించినా అది మలుపుల్లో మిణుకుమిణుకుమంటుంటే ట్యాంకు చూడాలి.

మార్పించేటప్పుడు దగ్గరుండండి. ఇది నమ్మకం లేక చెప్పడం కాదు, ఈ పనికి ఎలాగూ ఇద్దరు కావాలి, పెడల్ తొక్కేది మీరే అవ్వొచ్చు. ‘బ్రేక్ ఆయిల్ మార్చండి’ అంటే కొన్ని షెడ్లలో ట్యాంకులో ఉన్నది సిరంజితో లాగేసి కొత్తది నింపి, అయిపోయిందంటారు. మీ అసలు సమస్య ఉన్నది ట్యాంకులో కాదు, చక్రాల దగ్గర. క్యాలిపర్‌లో పడి ఉన్న ఆ పాత గుక్కెడు అలాగే ఉండిపోతుంది. కాబట్టి ‘నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ విప్పి, కొత్త ఆయిల్ వచ్చేదాకా తీయండి’ అని అడగండి. నిపుల్ అంటే ఆయిల్ బయటికి తీయడానికి ఉండే చిన్న స్క్రూ. మాట స్పష్టంగా ఉంటే గొడవ ఉండదు.

పని ఇలా జరగాలి. ట్యాంకులోని పాతది లాగేసి, అడుగున మడ్డి ఉంటే నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, కొత్తది నింపాలి. తర్వాత మన కుడిచేతి స్టీరింగు బండ్లలో సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండే ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతారు. కొన్ని బండ్లకు వరస వేరు, మాన్యువల్‌లో ఉంటే దాన్నే అనుసరించాలి. నిపుల్‌కు రింగ్ స్పానర్ తగిలించి, దాని మీద సన్నటి పారదర్శక గొట్టం బిగించి, రెండో కొసను కాస్త కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచుతారు. మీరు పెడల్ తొక్కి పట్టుకుంటారు, ఆయన నిపుల్ వదులు చేస్తాడు, గొట్టంలోకి ఆయిల్ వస్తుంది, ఆయన బిగించాకే మీరు కాలు తీయాలి. ముందే తీస్తే గాలి లోపలికి లాగేస్తుంది. మీ బండిలో మొదట వచ్చేది టీ డికాషన్ రంగులో ఉంటుంది, బుడగలు కూడా రావొచ్చు. అది పోయి లేత తేనె రంగు వచ్చేదాకా తీయాలి. ఈలోపు ట్యాంకు అడుగంటకుండా ఎవరో ఒకరు కన్నేసి ఉండాలి. అడుగంటి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్తే మామూలు బ్లీడింగుతో, అంటే ఇలా నిపుల్ విప్పి తీయడంతో, రాదు, స్కానర్ పెట్టి యూనిట్‌లోని మోటార్ తిప్పి తీయాల్సి వస్తుంది, అది అందరి దగ్గరా ఉండదు.

పెడల్‌ను ఫ్లోరు దాకా గుద్దకండి. ఇన్నేళ్లూ మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ సగం దూరమే తిరిగింది. ఎన్నడూ తిరగని మిగతా సగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. సీళ్లు ఒక్కసారిగా ఆ గరుకు మీదికి వెళ్తే చిరుగుతాయి. పాత బండికి బ్లీడింగ్ చేయించిన వారానికి మాస్టర్ సిలిండర్ పోయిందని తిట్టుకునేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకుంటే సరి. నిపుల్‌ను కూడా బలం ఉపయోగించి విప్పనివ్వకండి. ఇన్నేళ్లు విప్పని నిపుల్, సముద్రపు గాలి తగిలిన ఊరు, పట్టేసి ఉంటుంది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచి, వదులు చేసేముందు రింగ్ స్పానర్‌తో అటూ ఇటూ మెల్లగా కదపాలి. విరిగితే క్యాలిపర్ ఖర్చు.

మీ బండి క్లచ్ కేబుల్‌తో పనిచేసేదా, ఆయిల్‌తో పనిచేసేదా అడిగి తెలుసుకోండి. ఆయిల్‌దైతే చాలా బండ్లలో బ్రేకు ట్యాంకులోంచే క్లచ్‌కూ వెళ్తుంది, ఆ లైన్ కూడా అదే రోజు తీయించేయాలి.

అన్నీ కలిపి మహా అయితే లీటరు ఆయిల్ పడుతుంది. అరలీటరు డబ్బాలు రెండు కొనండి, లీటరు డబ్బా ఒకటి వద్దు. ఒకటి మిగిలితే సీలు తీయకుండా ఉంచుకోవచ్చు. సీలు తీసిన డబ్బాను దాచుకోకూడదన్నదే మీ మూడేళ్ల నాటి సగం డబ్బా విషయంలో నా అభ్యంతరం. అందులో సగం ఆయిల్, సగం గాలి. ఆ గాలిలోని తేమంతా ఎప్పుడో అందులో కలిసిపోయి ఉంటుంది. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, మూత కింద సీలు ఉందో లేదో మీరే తీసి చూడండి. పెద్ద డబ్బాలోంచి వాటర్ బాటిల్‌లోకి వంచి ఇచ్చే లూజు సరుకు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

షెడ్డుల్లో అందరూ దీన్ని ఆయిల్ అనే అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాసుకొచ్చాను. అయితే ఇంజను ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చెంచా ఇందులో పడ్డా, బ్రేకు సీళ్ల రబ్బరు ఉబ్బిపోయి బ్రేకులు పట్టేస్తాయి. అప్పుడు ఆయిల్ మార్చడంతో పోదు, లైన్‌లోని రబ్బరు సామానంతా మార్చాలి. అందుకే పోసే గరాటు, సిరంజి వేరేవాటికి వాడనివై ఉండాలి. ఇక కారు పెయింటు మీద చుక్క పడితే గుడ్డతో రుద్దకండి, వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. ఇది నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి కడిగితే పోతుంది, వదిలేస్తే పెయింటును లేపేస్తుంది.

బజార్లో పెన్నులాంటి టెస్టర్లు దొరుకుతాయి, ట్యాంకులో ముంచితే పచ్చ, పసుపు, ఎరుపు లైట్లు వెలుగుతాయి. ఆయిల్‌లో కరెంటు ఎంత పారుతుందో చూసి నీళ్ల శాతాన్ని అంచనా వేస్తాయవి. ఎరుపు వస్తే నమ్మండి. పచ్చ వస్తే మాత్రం అంత సంబరపడకండి, అది చెప్పేది ట్యాంకు సంగతే, అందులో మీరు ఈమధ్య పోయించిన కొత్తది కూడా కలిసి ఉంటుంది. రంగును బట్టి కూడా తేల్చుకోలేం. నల్లబడింది పాతదనడం వరకూ నిజం, తెల్లగా ఉన్నంత మాత్రాన నీళ్లు లేనట్టు కాదు. రెండేళ్లకోసారి, విశాఖలో ఉండి ఘాట్ దిగే మీరైతే ప్రతి రెండో వానాకాలం ముందు, మీటరు చూడకుండా మార్పించేయండి.

దిగేటప్పుడు మీరు ఏ గేరులో ఉన్నారో రాయలేదు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగే అలవాటుంటే మానేయండి. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకు పెట్రోలు పోవడం ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఉంటేనే ఐడ్లింగుకు కాలుతుంది. ఎక్కిన గేరులోనే, అంటే సెకండ్‌లో, అవసరమైతే ఫస్ట్‌లో దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు ఒక్కసారి గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయండి. దారిలో ఆగాలనిపిస్తే ఆ ముందు ఒక కిలోమీటరైనా బ్రేకు పెద్దగా వాడకుండా గేరు మీద నడిపించి, చక్రాలకు గాలి తగలనిచ్చి, అప్పుడు ఆపండి. ఇంకెప్పుడైనా పెడల్ కిందికి పోతే గబగబా నాలుగైదుసార్లు కొట్టండి, చాలాసార్లు కొంత పట్టు తిరిగొస్తుంది. ఆలోపు గేరు దించండి. మొన్న మీరు ఫస్ట్ గేరు, హ్యాండ్ బ్రేకు వాడి ఆపగలిగారంటే కంగారులోనూ బుర్ర పనిచేసిందన్నమాట.

ఆయిల్ మార్చాక మొదటి నాలుగైదు రోజులు ఊళ్లోనే నడపండి. పొద్దున్నే ట్యాంకు మట్టం, నిపుళ్ల దగ్గర చెమ్మ చూసుకోండి. తర్వాత మొదటిసారి ఘాట్ దిగాక కింద ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆన్చకుండా, జానెడు దూరంలో పెట్టి చూడండి. ముందు రెండూ వెనకవాటికంటే వేడిగా ఉండటం మామూలే. ముందు రెండింటిలో ఒకటే భగభగలాడుతుంటే మాత్రం అక్కడ క్యాలిపర్ పట్టేసి ప్యాడ్ వదలడం లేదని అర్థం. అలాగే వదిలేస్తే కొత్త డాట్ 4 కూడా మరుగుతుంది. క్యాలిపర్ స్లైడ్ పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, బ్రేకుల కోసమే అమ్మే గ్రీజు రాయించండి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు రాస్తే పిన్నుల రబ్బర్లు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి.